ఏడిస్తే బతికున్నట్టే

లోవలక్ష్మికి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. పిల్ల ఏడుస్తుంటే తనకి వినపడకపోవడం. పాములకి భయపడేది కాదు. కొల్లేరు పక్కన చేపల చెరువులు తవ్వడానికి పోయిన మొగుడు అప్పారావు నెల తిరిగినా కబురు పంపకపోయినా భయపడేది కాదు. పదకొండు నెలల నూకరత్నం ఎక్కడో గుక్కపట్టి ఏడుస్తూ ఉంటే, ఆ ఏడుపు తన చెవిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతుందేమోనని మటుకు, ముద్ద నోటి దగ్గర పెట్టుకుని కూడా ఆగి వినేది.

అందుకే జోగేశ్వరరావు గారి చేలో ఊడ్పులకి దిగిన మొదటి రోజే ఆమెకి ఆయిలింజను మీద పగ పుట్టింది.

ఆ యేడు కాలవలకి నీళ్లు ఆలస్యంగా వదిలారు. ఎగువ చేలు తాగి వదిలేసరికి శివారు చేలకి చుక్క మిగల్లేదు. అక్కడి పిల్లకాలవలో, అదే బోదెలో, నీళ్లు పారి మూడేళ్లయింది. అడుగున ఒండ్రు ఎండి బీటలు వారింది. జోగేశ్వరరావు గారు మురుగు కాలవ మీద ఇంజను పెట్టించి చేనుకి నీళ్లు తోడించారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా అది టుకటుకమంటూనే ఉండేది. ఆ మోతలో పక్క మనిషి దగ్గినా వినపడేది కాదు.

ముఠాలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. మేస్త్రి అచ్చాయమ్మ. యాభై దాటిన పొట్టి మనిషి. చీర మోకాళ్ల పైకి దోపి గట్టు మీద నిలబడితే పాతేసిన గుంజలా కదిలేది కాదు. చేతిలో తాటిమట్ట. దానికి రెండంచులా నల్లటి పళ్లుంటాయి కదా, ఒక అంచు పళ్లు చెక్కేసి నున్నగా చేసుకుంది. రెండో అంచు రంపంలా అలాగే వదిలేసింది. ఆలస్యంగా వచ్చినదానికీ, కబుర్లు చెప్పేదానికీ నున్నటి అంచు. పిల్లని కట్టనిదానికి రంపపు అంచు.

పిల్లతల్లులు నలుగురు. పిల్లల్ని ఆ ఎండిన బోదెలో ఉంచేవారు. రెండు పక్కలా గట్లు, పైన తాడిచెట్ల నీడ, పడినా దెబ్బ తగలని ఒండ్రు. పాకిపోవడానికి దారి లేదు. అయినా అచ్చాయమ్మకి చాలలేదు. బోదె అడుగున నాలుగు గుంజలు పాతించింది. పాత చీరలు చింపించి ఒక కొస గుంజకి, ఒక కొస పిల్ల నడుముకి కట్టించింది. నడుం కట్టు విప్పుకోవడం నేర్చిన పిల్లాడికి కాలికి. ముడి వీపు వెనక పడాలి. అంబలి తాగే వేళకోసారి, పొద్దు వాలే వేళకోసారి తనే వెళ్లి, ఒక్కో గుడ్డా రెండేసి సార్లు లాగి చూసుకుని వచ్చేది.

ఆ మొదటి రోజు రత్నం నిద్రపోతోంది. నిద్రపోయే పిల్లకి కట్టెందుకులే, లేస్తుందేమో అనుకుని లోవలక్ష్మి గుంజ పక్కన పడుకోబెట్టి వచ్చేసింది.

ఊడ్పంటే వెనక్కి నడిచే పని. వంగి, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని, కుడి చేత్తో రెండేసి మూడేసి మొక్కలు తీసి బురదలో గుచ్చుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోవాలి. నాటిన పచ్చదనం ముందు కనిపిస్తూ ఉంటుంది. వెనక ఏముందో కనపడదు. ఆ చేలో వెనక ఉన్నది అచ్చాయమ్మ.

మొదటి దెబ్బ పిక్క మీద పడింది. లోవలక్ష్మి జలగేమో అనుకుని చెయ్యి పెట్టింది. రెండోది ఆ చేతి మీదే పడింది.

"కట్టావా?"

"నిద్దరోతందండి, అందుకని..."

"కట్టావా అన్నాను."

"లేదండి."

మూడో దెబ్బకి లోవలక్ష్మి బురదలో కూలబడింది. మట్ట పళ్లు తొడలో దిగి లాక్కుంటూ బయటికొచ్చాయి. నీళ్లలో సన్నగా ఎర్రటి దారం సాగి, నాటిన మొక్క మొదట్లో చుట్టుకుంది. పక్కవాళ్లు వంగిన నడుం ఎత్తలేదు. వాళ్ల చేతులు ఇంకా తొందరగా కదిలాయి.

"నిద్దరోయే పిల్ల లేవదంటే? లేచి నీకు కబురు పెడతదంటే?" అచ్చాయమ్మ జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని బోదె వైపు తిప్పింది. "పోయి కట్టి రా. మళ్లీ చెబుతున్నాను విను. ఏడుస్తందని చెయ్యి ఆపి పరిగెత్తావో, మోకాళ్లు చెక్కేస్తాను. ఏడిస్తే బతికున్నట్టే. చప్పుడు లేనప్పుడు పోవాలి, తల్లన్నది."

లోవలక్ష్మి కుంటుకుంటూ వెళ్లింది. రత్నం లేచి కూచుని పిడికెడు మట్టి తింటోంది. తల్లిని చూసి నవ్వింది, నోరంతా నల్లగా. లోవలక్ష్మి పిల్ల నోరు వేలితో తుడిచి నడుముకి గుడ్డ చుట్టింది. ఒక ముడి వేసింది. తొడ మండుతోంటే రెండో ముడి వేసింది. అంత దూరం నుంచీ అచ్చాయమ్మ చూస్తోందని తెలిసి, పళ్లతో పట్టి లాగి మూడో ముడి కూడా వేసింది.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద అన్నాలకి కూచున్నప్పుడు బుల్లెమ్మ తన వక్కాకు సంచిలోంచి సున్నం తీసి లోవలక్ష్మి తొడకి రాసింది. బుల్లెమ్మకి రెండేళ్ల కొడుకు, అబ్బులు. నడుం కట్టు విప్పుకునే పిల్లాడు వాడే.

"నాకు నిరుడు పడ్డాయి," అంది బుల్లెమ్మ. "ఇదిగో, ఇక్కడ. ఎవడు కొరికాడే అనడిగాడు మా ఆయన. తాడిచెట్టు అన్నాను. నవ్వి నవ్వి చచ్చాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలీదు."

లోవలక్ష్మికి నవ్వు రాలేదు. "ఆవిడకి పిల్లలు లేరా ఒదినా? ఉంటే ఇలా కొట్టదు."

"ఉండేవోడు. ఒక్కడే." బుల్లెమ్మ గొంతు తగ్గించింది. ఇంజను మోతలో తగ్గించక్కర్లేదు, అయినా తగ్గించింది. "ఊడ్పుల్లోనే. అప్పుడు మేస్త్రి ఒక మొగోడంట. కాలవ గట్టు మీద పడుకోబెట్టి నాటుకుంటంటే పిల్లాడు ఒకటే ఏడుపంట. పోతానంటే, నడుం ఎత్తితే తంతానన్నాడంట వాడు. కాసేపటికి ఏడుపు ఆగింది. హమ్మయ్య, నిద్దరోయాడు నా తండ్రి అనుకుని, ఈవిడ ఇంకో రెండు సాళ్లు నాటింది."

లోవలక్ష్మి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"రెండు సాళ్లు," అంది బుల్లెమ్మ మళ్లీ. "మూడో రోజు కాలవలో, లాకు దగ్గర దొరికాడంట."

అచ్చాయమ్మ వాళ్లకి వీపు పెట్టి విడిగా కూచుని తింటోంది. తిండి మధ్యలో లేచి, ఎంగిలి చేత్తోనే బోదెలోకి దిగింది. ఒక్కో గుడ్డా రెండేసి సార్లు లాగింది. అబ్బులు ఆవిడ మీద ఉమ్మేశాడు. ఆవిడ తుడుచుకోలేదు. వాడు ఉమ్మినందుకు ఊపిరి పీల్చుకున్నట్టు నిలబడి చూసి, ఎక్కి వచ్చింది.

"అయితే ఒదినా," అంది లోవలక్ష్మి, "ఈ ఇంజను మోతలో ఏడిచినా వినపడదు, ఏడుపు ఆపినా వినపడదు కదా. మనం పోవాలో మానాలో ఎలా తెలుస్తది?"

"అందుకేగా కట్టించింది. తిను తిను, లేస్తంది మహాతల్లి."

మూడో రోజు పొద్దున్న జోగేశ్వరరావు గారు రాజ్‌దూత్ మోటారు సైకిలు మీద వచ్చారు. తెల్లపంచె బురద కాకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గట్టు చివర నిలబడ్డారు.

"ఏం అచ్చాయమ్మా, రేపటికన్నా తెములుద్దా? నాట్లేస్తున్నారా, నాట్యం చేస్తున్నారా?"

"ఆయ్, అయిపోద్దండి. ఇంకో పది మందిని పంపుంటే నిన్నే అయిపోయేదండి."

"మనుషులెక్కడున్నారు? ఊరంతా ఒక్కసారే దిగింది. ఇంజను చూస్తే గంటకోసారి నోరు తెరుస్తంది డీజిలు పొయ్యమని." ఆయన మోటారు సైకిలెక్కి, తూము దగ్గర లస్కరుతో మాట్లాడాల్సిన పని ఉందని తనలో తనే అనుకుంటున్నట్టు అని వెళ్లిపోయారు. లస్కరంటే కాలవ తూముల తలుపులు ఎత్తీ దింపే మనిషి. ఆయన మాట అచ్చాయమ్మ విన్నది. విన్నా ఆమె మనసుకి అది నీళ్ల మాటగా తోచింది గానీ బోదె మాటగా తోచలేదు. మూడేళ్లుగా పారని బోదె నీళ్లది కాదని, పిల్లలదని ఆ ముఠా అంతటికీ అలవాటైపోయింది.

మధ్యాహ్నం దాటాక ఇంజను ఆగిపోయింది.

మిగతావాళ్లెవరూ నాటడం ఆపలేదు. లోవలక్ష్మి ఒక్కతే వంగిన దగ్గరే బిగుసుకుపోయింది. మూడు రోజుల మోత తర్వాత చెవులు గుయ్యిమన్నాయి. తర్వాత ఒక్కొక్కటే వినపడసాగాయి. బురదలోంచి వేళ్లు లాగిన చప్పుడు. ఎవరివో గాజులు. కొంగ రెక్కలు. వాటి వెనకాల, దూరంగా, సన్నగా, రత్నం ఏడుపు.

వినపడింది. లోవలక్ష్మికి ఒక్క క్షణం కళ్లమ్మట నీళ్లొచ్చేంత సంతోషం కలిగింది. ఆ వెంటనే ఆలోచన వచ్చింది. ఇంజను ఎందుకాపారు? డీజిలు అయిపోతే కుర్రాడు తిట్టుకుంటూ డబ్బా తెస్తాడు. ఎవరూ రాలేదు. ఇంజను అక్కర్లేకపోతేనే ఆపుతారు. నీళ్లు వేరే దారిన వస్తుంటేనే అక్కర్లేకపోతుంది.

ఆమె నడుం ఎత్తి వెనక్కి తిరిగింది. మట్ట భుజం మీద పడింది.

"వంగు."

"అత్తా, నీళ్లు... బోదెలో నీళ్లు..."

"వంగు అన్నాను! ఏడుస్తంది, వినపడతందిగా. ఏడిస్తే బతికున్నట్టే." రెండో దెబ్బ మెడ మీద పడింది. చెవి తమ్మె చీలి పోగు తెగి బురదలో పడింది. లోవలక్ష్మి ఆవిణ్ణి దాటి గట్టు ఎక్కబోయింది. అచ్చాయమ్మ రెండు చేతులతో మట్ట అడ్డం పెట్టి రొమ్ము మీద ఒక్క తోపు తోసింది. లోవలక్ష్మి వెల్లకిలా చేలో పడింది.

పడి ఉండగా ఏడుపు ఆగింది.

ఇద్దరూ విన్నారు. అచ్చాయమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నోరు తెరుచుకుంది. కళ్లు లోవలక్ష్మినే చూస్తున్నా ఎవరినీ చూడ్డంలేదు. ఆవిడ పెదాలు "నిద్దరోయాడు" అన్నట్టు కదిలాయి. అడుగు మటుకు పడలేదు.

లోవలక్ష్మి ఆవిడ కాళ్ల పక్కనుంచి పాక్కుంటూ గట్టెక్కింది. మిగతా ముగ్గురు తల్లులూ చూసి, నారు కట్టలు విసిరేసి లేచారు. దమ్ము చేసిన చేలో పరిగెత్తడం ఎవరి తరం? పిక్కదాకా దిగిన కాలు లాగేలోపు రెండోది దిగుతుంది. బుల్లెమ్మ రెండుసార్లు మొహం మీద పడింది.

బోదె నిండా ఎర్రటి నీళ్లు. కొబ్బరి డొక్కలు, చెత్త, నురగ ముందుకి తోసుకుంటూ మోకాలి ఎత్తున వస్తున్నాయి. గట్టు దగ్గరగా ఉన్న ఇద్దరు పిల్లలు గుంజల్ని కరుచుకుని నిలబడి కేకలు పెడుతున్నారు. అబ్బులు కనపడలేదు. రత్నం కనపడలేదు. రత్నం గుంజకి కట్టిన గుడ్డ మాత్రం చేప చిక్కిన గాలపు తాడులా బిగిసి నీళ్లలోకి పోతోంది.

లోవలక్ష్మి దూకి గుడ్డ పట్టుకుని బారలు బారలుగా లాగింది. నారు కట్ట పైకొచ్చినట్టు పిల్ల పైకొచ్చింది, తల వేలాడేసి, పెదాలు నేరేడుపండు రంగులో. కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరిచింది. చరిచింది. ఇంకా చరిచింది. చెయ్యి తన చెయ్యిలా లేదు, ఆ చేతిలో తాటిమట్ట ఉన్నట్టే ఉంది. పిల్ల నోట్లోంచి నీళ్లూ, బురదా, మొన్నటి మట్టీ వచ్చాయి. తర్వాత ఒక్క గుక్క. తర్వాత ఏడుపు.

నడుం ముడి విప్పబోతే రాలేదు. మూడు ముళ్లూ నానిపోయి రాయిలా బిగిశాయి. తనే పళ్లతో పట్టి బిగించిన ముళ్లు. మళ్లీ పళ్లతోనే కొరికింది. ముందుపన్ను ఒకటి కదిలి నోరంతా ఉప్పగా అయింది. గుడ్డ తెగింది.

అబ్బులు గుంజకి అవతల పక్క దొరికాడు. ప్రవాహం వాణ్ణి గుంజ చుట్టూ తిప్పేస్తే, కాలికి కట్టిన గుడ్డ చీలమండలోకి దిగిపోయింది. బుల్లెమ్మ ఎత్తి పట్టుకుంటే, పాదం పక్కకి వేలాడింది. బతికాడు. ఎముక కనపడుతోంది.

జోగేశ్వరరావు గారు అప్పుడే గట్టు మీదికొచ్చారు. నీళ్లు చూసి మొహం వికసించింది. పిల్లల్ని చూసి ముడుచుకుంది. "ఏంటిది? బోదెలో పిల్లల్ని పెట్టుకుంటారంటే ఎవరన్నా? నాకేం తెలుసు? బోదె నీళ్లకి గానీ పిల్లలకా?"

తెల్లపంచె మీదికి ఒక్క చెయ్యీ లేవలేదు. లేవాల్సిన చేతులన్నీ అచ్చాయమ్మ వైపు తిరిగాయి.

ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మొదట ఎవరో నారు కట్ట విసిరి మొహాన కొట్టారు. తర్వాత జుట్టు పట్టారు. చేలోకి లాగి పడేసి కాళ్లతో తన్నారు, బురద గుప్పెళ్లతో తీసి నోట్లో కుక్కారు. మూడేళ్ల, అయిదేళ్ల, పదేళ్ల దెబ్బలు ఒక్కసారే తీర్చుకున్నారు. అచ్చాయమ్మ చేతులు అడ్డం పెట్టుకోలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకటే మాట అంటోంది.

"ఆ రోజు కట్టలేదే. నేను కట్టలేదే. కట్టుంటే ఉండేవోడే."

లోవలక్ష్మి పిల్లని చంకనేసుకుని, నీళ్లలో తేలుతున్న తాటిమట్ట తీసింది. జనాన్ని తోసుకుని వెళ్లింది. ఏ అంచు ఎటుందో చేత్తో తడిమి చూసుకుంది. చూసుకుని, రంపపు అంచుతోనే కొట్టింది. దవడ మీద ఒకటి, కణత మీద ఒకటి, లెక్కపెట్టనివి వీపు మీద. చంకలో పిల్ల ప్రతి దెబ్బకీ ఉలిక్కిపడి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఎంత బాగా వినపడుతోందంటే, ఆమెకి ఆపాలనిపించలేదు. చివరికి జోగేశ్వరరావు గారే, "చచ్చిపోద్దే, ఊరుకోండి, పోలీసులొస్తే నా చేలోకే వస్తారు," అని అరిస్తే ఆగింది.

అబ్బుల్ని భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లారు. సగం చేను నాటకుండా ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే జోగేశ్వరరావు గారి పాలేరు కాలవ గట్టు మీది తాటాకిళ్ల దగ్గరికొచ్చాడు. "ముఠాని నువ్వు చూసుకోవాలంట. పిల్లని బతికించుకున్నదానివి, బుర్ర ఉన్నదానివి అన్నారు అయ్యగారు." ఆడవాళ్లందరూ లోవలక్ష్మి వైపు చూశారు. కాదని ఒక్కరూ అనలేదు.

ఆమె గుమ్మంలో కూచుని తాటిమట్ట ఒళ్లో పెట్టుకుంది. కత్తిపీటకి ఆనించి రెండో అంచు పళ్లు కూడా చెక్కేసింది. ఒక్కటీ మిగల్లేదని వేలితో రాసి చూసుకుంది. నేను ఆవిడలా కాదు అనుకుంది.

"ఇవాళ్టినుంచి పిల్లలెవరూ చేలోకి రాకూడదు," అంది లేచి. "ఎక్కడి పిల్లలు అక్కడే, ఇళ్లల్లో. బయట గొళ్లెం పెట్టుకుని రండి."

అప్పుడొచ్చింది అచ్చాయమ్మ. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. దవడ వాచి మాట ముద్దగా వస్తోంది. అంత దూరంలోనే ఆగి, చేతులు కట్టుకుంది.

"లోవమ్మా. నేనింక చేలోకి రాను. ఇక్కడే కూచుంటాను. పిల్లలందర్నీ ఒక్కచోట పడేసి పొండి. నేను చూస్తాను. కట్టను. ఒట్టు, కట్టను. ఒళ్లో పెట్టుకుంటాను."

ఆ మాట సబబైనదేనని లోవలక్ష్మికి తెలిసింది. తెలిసిన మరుక్షణం నోట్లో కదిలిన పన్ను నాలుకకి తగిలింది.

"నీ నీడ నా పిల్ల మీద పడిందంటే చంపేస్తాను," అంది. "కాలవ దాటి ఈ గట్టుకి రాకూడదు. ఏ తలుపూ ముట్టుకోకూడదు. చచ్చిపోయిన నీ కొడుకు మీద ఒట్టెయ్యి."

అచ్చాయమ్మ ఒట్టేసింది.

లోవలక్ష్మి లోపలికెళ్లి పొయ్యిలో నిప్పు మీద నీళ్లు చల్లింది. కత్తిపీట అటక మీద పెట్టింది. కిరసనాయిలు సీసా చూరులో దోపింది. నీళ్ల కుండ వైపు చూసి, ఒక్క బొట్టు కూడా లోపల ఉండడానికి వీల్లేదని బయట పారబోసింది. రత్నానికి పాలిచ్చి, చాప మీద కూచోబెట్టి, తలుపేసి గొళ్లెం పెట్టింది. లోపల పిల్ల తలుపు మీద అరచేత్తో కొట్టింది. లోవలక్ష్మి కాసేపు విని, నడిచింది.

చేలోకి దిగబోతుంటే, ఆ రోజే కొత్తగా ముఠాలో చేరిన సత్యలక్ష్మి చీర మడతల్లో మూడు నెలల పసిగుడ్డు దొరికింది. "పాలు తాగే పిల్లండి, ఎలా వదిలి రాను," అంటోంది సత్యలక్ష్మి. ఆమె అంటుండగానే మట్ట లేచింది. నున్నటి అంచే. అయినా మోచేతి మీద తోలు చిట్లింది. సత్యలక్ష్మి కేకకి మిగతావాళ్లు తలలు వంచుకుని చేలోకి దిగి, వెనక్కి వెనక్కి నాటడం మొదలుపెట్టారు. వాళ్ల వెనక గట్టు మీద లోవలక్ష్మి నిలబడింది, పాతేసిన గుంజలా. ఇంజను లేదు. ఎంత చెవి రిక్కించినా అక్కడికి నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

మీరెవరైనా ఊడ్పుల రోజుల్లో భీమవరం నుంచి నరసాపురం వైపు వెళ్తూ ఉంటే, కాలవ గట్టు మీద వరసగా తాటాకిళ్లు కనిపిస్తాయి. పగటిపూట అక్కడ మనుషులుండరు. అవతలి గట్టు మీద ఒక ముసలావిడ ఇళ్ల వైపే చూస్తూ కూచుని ఉంటుంది. ఆవిణ్ణి ఏమీ అనకండి, ఆవిడ లేచి రాకూడదు. మీరే కాస్త ఆగి, మూడో ఇంటి తలుపుకి చెవి పెట్టి వినండి. ఏడుపు వినిపిస్తే మీ దారిన మీరు వెళ్లిపోండి. ఏమీ వినిపించకపోతే మటుకు, మీకు పుణ్యముంటుంది, గొళ్లెం తీసి చూడండి. పిల్ల పేరు నూకరత్నం. పిలిస్తే పలుకుతుంది.